మంగళవారం కాని రోజుల్లో ఒడిల్

మా ప్రాజెక్టుకు డైరెక్టరు మారుతోందన్న సంగతి ఆగస్టు నెలాఖరుకల్లా చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పేశాం. వాషింగ్టన్‌లో మా గ్రాంటు చూసే అధికారికి రాసి అనుమతి తెప్పించుకున్నాం. నలభై మూడు కుటుంబాలకూ, వాళ్ల పిల్లలు చదివే బళ్లకూ విడివిడిగా ఉత్తరాలు పంపాం. అవన్నీ టైపు చేసింది నేనే. ఒక్క మనిషికి మాత్రం ఎవరమూ చెప్పలేదు. ఆ మనిషికి తొమ్మిదేళ్లు. పేరు మావిస్ థెరియో.

చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలకోసం నడిచే ప్రాజెక్టు మాది. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, బంగాళాదుంప చేల మధ్య ఉన్న చిన్న ఊళ్లో, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనం పై అంతస్తులో రెండు గదులు. ఒకదాంట్లో డైరెక్టరు కూర్చుంటుంది. రెండోదాంట్లో పిల్లలకు అరువిచ్చే సామాన్లు, వాటితోపాటు నేనూ ఉంటాం. పదిహేడేళ్లుగా ఇదే నా గది. నా పేరు డెల్మా.

డైరెక్టరు ఒడిల్ వాయజీన్ ఇరవై రెండేళ్లు పనిచేసి దిగిపోతోంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. మంచు తుఫానులో కూడా ట్రక్కు నడుపుకుంటూ పిల్లల ఇళ్లకు వెళ్లేది. ఆమె స్థానంలోకి వచ్చిన ట్వైలా బ్రగ్‌డన్‌ది దక్షిణాన సముద్రం పక్క ఊరు. వయసు ముప్పై ఎనిమిది. అంతకుముందు ఇలాంటి గ్రాంటులు సరిగ్గా నడుస్తున్నాయా లేదా అని లెక్కతేల్చే ఉద్యోగం చేసింది. మా నివేదికలన్నీ చదివింది గానీ మా పిల్లల్లో ఒక్కరినీ చూడలేదు.

రాగానే మొదటి రోజే నా గదిలోకి వచ్చింది. "డెల్మా, ఒకటడగనా? రెండువారాలకోసారి మంగళవారం ఒడిల్ ఎక్కడికో వెళ్తున్నారు. రానూపోనూ నూటయాభై మైళ్లు. ఒకే ఇంటికి. మిగతా పిల్లల దగ్గరికి టీచర్లు వెళ్తున్నప్పుడు ఆ ఒక్క అమ్మాయి దగ్గరికి డైరెక్టరు ఎందుకు?"

"ఆవిణ్ణే అడగకపోయారా?"

"అడిగాను. 'మావిస్‌ని అడుగు' అన్నారు."

నాకు నవ్వొచ్చింది. ఒడిల్ అంతే. ట్వైలా మాత్రం నవ్వలేదు. ఏదైనా అర్థం కాకపోతే ఆమె కనుబొమల మధ్య చిన్న గీత పడుతుంది, అది అర్థమయ్యేదాకా పోదు. మూడోనాడు ఒడిల్ ఆమె చేతిలో ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టింది. ఇంటికి పట్టుకెళ్లి, మర్నాడు ఆ గీతతోనే వచ్చింది ట్వైలా.

ఆ పుస్తకం గురించి నాకు తెలుసు. మావిస్ ఇంతవరకూ అడిగిన ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి. మాట్లాడేవాళ్ల చేతుల మీద తన చేతులు ఆన్చి, వాళ్లు చేసే సైగల్ని తడిమి వింటుంది ఆ పిల్ల. తన మాటలు కూడా సైగల్లోనే. నాలుగేళ్లప్పుడు ఫ్రిజ్ మీద అరచెయ్యి పెట్టి, "ఇది బతికుందా?" అని అడిగింది. ఐదేళ్లప్పుడు కుళాయి కింద చెయ్యి పెట్టి, "నీళ్లు ఎక్కడ మొదలు?" కిందటేడు తాత పోయినప్పుడు తల్లిని కౌగలించుకుని, "అమ్మ వీపు వణుకుతోంది, ఎందుకు?" ప్రతి ప్రశ్న కింద ఒడిల్ తాను చెప్పిన జవాబు రాసుకుంది. ఫ్రిజ్ ప్రశ్నకు ఆ మధ్యాహ్నమంతా పట్టిందట. ఫ్రిజ్, పిల్లి, కారు ఇంజను, పిల్ల సొంత గుండె, అన్నీ ఒక్కొక్కటే ముట్టి చూసుకుంటూ తిరిగారు.

"చివరి పేజీలో ప్రశ్న ఉంది, జవాబు లేదు," అంది ట్వైలా.

నేను తొంగిచూశాను. ఏప్రిల్ తేదీ. "మంగళవారం కాని రోజుల్లో ఒడిల్ ఎక్కడ?"

ఒడిల్ తన గదిలో ఫైళ్లు అట్టపెట్టెల్లో సర్దుతోంది. మా మాటలు వినిపించాయని నాకు తెలుసు. వినిపించనట్టే ఉండిపోయింది.

సెప్టెంబరు మొదటి మంగళవారం ముగ్గురం ట్రక్కులో బయల్దేరాం. మావిస్ కోసం వణికే దిండు ఒకటి బాగుచేయించాం, అది చూపించాలని నేనూ వెళ్లాను. థెరియోల ఇల్లు చేల నడుమ ఉంటుంది. మావిస్ తల్లి కారీన్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. తండ్రి చేలో ఉన్నాడు.

మావిస్ వంటింటి నేల మీద కూర్చుని ఉంది. ట్రక్కు వాకిట్లోకి రాగానే నేల అదిరి ఆ పిల్లకు తెలిసిపోతుంది. లేచి రెండు చేతులూ ముందుకు చాపి నిలబడింది. ఒడిల్ వెళ్లి ఆమె మోచేతి మడతలో బొటనవేలితో గుండ్రంగా రుద్దింది. అది ఒడిల్ పేరు. ఆ ఇంట్లో మనుషులందరికీ ఇలా ఒంటి మీద రాసే పేర్లుంటాయి. నాది భుజం మీద రెండు తట్లు.

తర్వాత ఒడిల్ ట్వైలా చెయ్యి పట్టుకుని పిల్ల చేతిలో పెట్టింది.

మావిస్ కొత్త మనిషిని చదవడం నేను అంతకుముందూ చూశాను, అయినా ప్రతిసారీ చూడబుద్ధేస్తుంది. ముందు గోళ్లు. తర్వాత ఉంగరం ఉందా లేదా. చేతిగడియారం దగ్గర ఆగి దాని మీద వేలు ఉంచి సెకన్ల ముల్లు కదలికను పట్టుకుంది. స్వెటరు అంచు, గుండీలు, మెడ. వాసన చూసింది. అప్పుడు ఒడిల్ వైపు తిరిగి అడిగింది: "ఎవరు?"

"కొత్త," అంది ఒడిల్ సైగల్లో. "పేరు ట్వైలా."

"ఎందుకు?"

ఒడిల్ చేతులు కదలలేదు. పిల్ల చేతులు వాటి మీదే ఆని వేచి ఉన్నాయి. చివరికి ఒడిల్, "దిండు చూద్దాం రా," అని మాట మార్చేసింది. పదిహేడేళ్లలో ఒక పిల్ల అడిగినదాన్ని ఆమె దాటేయడం నేను చూడటం అదే మొదటిసారి.

కారీన్ మాకు కాఫీ పోస్తూ గొంతు తగ్గించింది. తగ్గించాల్సిన అవసరమేమీ లేదు, అయినా తగ్గించింది. "ఒడిల్, మీరు దానికి ఇంకా చెప్పలేదు కదూ?"

"ఎలా చెప్పమంటావ్?"

"ఏం చెప్పినా సరే, 'అయిపోయింది' అని మాత్రం అనకండి. మా మామగారు పోయినప్పుడు ఆ సైగే వాడాం. 'తాత అయిపోయాడు' అని. అప్పణ్ణుంచి రోజూ పొద్దున్నే లేచి ఆయన కుర్చీ తడుముతోంది. ఒక్కరోజు కూడా మానలేదు. ఇప్పుడు 'ఒడిల్ అయిపోయింది' అంటే..."

తిరుగుదారిలో ట్రక్కు నడుపుతూ ఒడిల్ అంది, "ఇంకో రెండు నెలలు నేనే వస్తాను. మెల్లగా అలవాటు చేస్తాను."

"రెండు నెలల తర్వాత?" అంది ట్వైలా.

"చూద్దాం."

"అప్పుడు కూడా ఇదే మాట చెప్పాలిగా. నవంబరులో తేలికవుతుందా?"

"అమ్మాయ్, వచ్చి వారం కాలేదు. ఆ పిల్లను పద్నాలుగు నెలలప్పణ్ణుంచి ఎరుగుదును నేను. రాష్ట్రమంతా తిరిగి టీచర్లకు పాఠాలు చెప్పాను, పిల్లలకు మార్పు గురించి ముందే చెప్పాలి, దాచకూడదూ అని. నాకు తెలీకేం కాదు."

"తెలుసని నాకూ తెలుసు. అందుకే అడుగుతున్నా."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇద్దరూ నా పై అధికారులే, ఎవరి పక్షమని చెప్పను!

కాసేపటికి ట్వైలా మళ్లీ మొదలెట్టింది. ఈసారి గొంతులో పోట్లాట లేదు, నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రమే. "నాకొకటి అర్థం కావట్లేదు. మీకో ఆఫీసుందని ఆ పిల్లకు తెలుసా?"

"ఆఫీసేంటి?"

"మీకో కుర్చీ ఉందనీ, ఇల్లుందనీ? ఆ పిల్ల వైపు నుంచి చూస్తే మీరు వంటింట్లో పుట్టి, రెండు గంటలుండి, అక్కడే మాయమవుతారు. తాతా అలాగే మాయమయ్యాడు. రెండింటికీ తేడా ఏంటో ఎవరైనా చెప్పారా? ఏప్రిల్లో అడిగింది కదా, మిగతా రోజుల్లో మీరెక్కడని."

ఒడిల్ ట్రక్కును రోడ్డు పక్కకి తీసి ఆపేసింది. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా ఉన్న చేను చూస్తూ, "చెప్పలేదు," అంది. "మాటల్లో చెప్పాను, ఆఫీసు అని. కానీ ఆఫీసంటే దానికేం తెలుస్తుంది? ఓ సైగ. అంతే." మళ్లీ ఇంజను స్టార్టు చేస్తూ, "నేనే తీసుకురాలేదు. దారి ఎక్కువనుకున్నాను," అంది.

సెప్టెంబరు మూడోవారంలో బంగాళాదుంపల తవ్వకాలకని మా వైపు బళ్లకు సెలవులిస్తారు. ఊరంతా చేలల్లో ఉంటుంది. కారీన్ ఒక రోజు వీలు చేసుకుని మావిస్‌ని మా ఆఫీసుకు తీసుకొచ్చింది.

మెట్లెక్కుతూనే పిల్ల ప్రతి మెట్టూ కాలితో లెక్కపెట్టింది. ఒడిల్ ఆమెను డైరెక్టరు గదిలోకి తీసుకెళ్లి బల్ల, దీపం, ఫోను, కిటికీ రెక్క ముట్టించింది. "ఒడిల్, మంగళవారం కానప్పుడు, ఇక్కడ," అని చెప్పింది. మావిస్ కుర్చీ చేతుల్ని తడిమింది. అక్కడ రెగ్జిన్ చిరిగి దూది బయటికొస్తుంటుంది. ఇరవై రెండేళ్లుగా ఫోన్లో మాట్లాడుతూ ఒడిల్ గోళ్లతో గిల్లిన చోటు. పిల్లకు అది బాగా నచ్చి తనూ గిల్లింది.

అప్పుడు ఒడిల్ కుర్చీలో కూర్చుని పిల్ల చేతులు తన భుజాల మీద వేసుకుంది. తర్వాత లేచింది. ట్వైలా కూర్చుంది. మావిస్ తడిమి చూసింది. గడియారం తగిలింది. ఎవరో గుర్తుపట్టింది. వెంటనే ట్వైలా చెయ్యి పట్టుకుని లాగి లేపేసింది. ఒడిల్‌ని వెతికి పట్టుకొచ్చి మళ్లీ కుర్చీలో కుదేసింది.

"అవునమ్మా, నాకూ అదే బాగుందనిపిస్తోంది," అంది ఒడిల్. కళ్లు తుడుచుకుంటోంది, నవ్వుతోంది.

మళ్లీ ఒడిల్ లేచింది, మళ్లీ ట్వైలా కూర్చుంది. పిల్ల మళ్లీ లాగేసింది. మూడోసారి కుర్చీ ఖాళీ అయ్యేసరికి మావిస్ ఎక్కి తనే కూర్చుంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, ఇక దిగేది లేదన్నట్టు.

"వాషింగ్టన్‌కు మళ్లీ ఉత్తరం రాయాలి, డెల్మా," అంది ట్వైలా. "డైరెక్టరు మళ్లీ మారారు."

అందరం పడిపడి నవ్వాం. ఆ నవ్వుకి నేల కదిలిందేమో, మావిస్ కూడా పళ్లు బయటపెట్టింది.

అసలు సంగతి జరిగింది నా గదిలో. ఒక గోడ పొడుగునా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో గుడ్డసంచి. ఒక్కో పిల్లకు పంపాల్సిన సామాను దాని సంచిలో వేస్తాను. సంచులకు పేర్లుండవు, గోప్యత నియమం. చుక్కల లిపిలో అంకె ఉన్న రేకు మాత్రం కుట్టి ఉంటుంది. మావిస్ చేత్తో గోడ పట్టుకుని నడుస్తూ మొదటి సంచి దగ్గర ఆగింది. ఒడిల్ ఆమెను పంతొమ్మిదో సంచి దాకా తీసుకెళ్లి, "ఇది మావిస్‌ది," అంది. పిల్ల లోపల చెయ్యి పెట్టింది. తను వాడి తిరిగిచ్చిన పాత దిండు దొరికింది. వాసన చూసి ఛాతీకి హత్తుకుంది.

తర్వాత ఇరవయ్యో సంచి మీద చెయ్యేసింది. "ఇది ఎవరు?"

ఒడిల్ ట్వైలా వైపు చూసింది. పేరు చెప్పడానికి లేదు.

"ఇంకో పిల్ల అని చెప్పండి," అంది ట్వైలా.

"పిల్ల," అంది ఒడిల్.

మావిస్ కదలకుండా నిలబడింది. తర్వాత తన రెండు చేతులూ పైకెత్తి, ఒకదాన్ని ఇంకోదాని మీద ఆన్చి, వినేటప్పుడు పెట్టుకునేట్టు పెట్టి చూపించింది. "చేతులు, నాలాగా?"

ఈ ప్రశ్న నోటుపుస్తకంలో లేదు. మా పిల్లల్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇలాంటి పిల్ల ప్రపంచంలో తనొక్కతే అనుకుంటూ ఉండొచ్చని మాకు, ఇదే పనిగా బతుకుతున్నవాళ్లకు, తట్టనేలేదు. ఒడిల్ కింద కూర్చుండిపోయింది. పిల్ల చేతుల్ని తన చేతుల మీదికి తీసుకుంది.

"అవును. నీలాగా."

"ఎన్ని?"

చెప్పడమెందుకు, ముట్టి చూడమన్నారు. మావిస్ గోడ మొదటికెళ్లి ఒక్కో సంచీ పట్టుకుని కుదుపుతూ వచ్చింది. ఖాళీవాటిని కూడా వదల్లేదు. నలభై మూడు. చివరిదాని దగ్గర ఆగి, గోడ అక్కడితో అయిపోయిందా అని మూల తడిమి చూసుకుని, తిరిగి మొదటినుంచి మొదలెట్టింది. కారీన్ గుమ్మానికి ఆనుకుని ఏడుస్తోంది. నాకు కాఫీ పెట్టాలని గుర్తొచ్చి అక్కణ్ణుంచి తప్పుకున్నాను.

సాయంత్రం మావిస్‌ని తీసుకుని అందరూ ఒడిల్ ఇంటికి వెళ్లారు. నేను వెళ్లలేదు, ట్వైలా చెప్పింది. ఒడిల్‌కు నాలుగు మేకలున్నాయి. కొట్టం తలుపు తియ్యగానే మావిస్ ముక్కు ఎగబీల్చి, వెంటనే తన మోచేతి మడతలో తనే గుండ్రంగా రుద్దుకుందట. ఒడిల్! ఇన్నేళ్లుగా ఆ పిల్లకు ఒడిల్ అంటే మేక వాసన. "ప్రతి మంగళవారం స్నానం చేసే వెళ్లేదాన్ని!" అని ఒడిల్ ఒకటే గోల. రాత్రి భోజనానికి ముందు ఒడిల్ పెనం మీద ప్లోయ్‌లు, మా వైపు పోసుకునే అట్లు, పోస్తుంటే పిల్ల పక్కనే నిలబడి పిండి కలిపింది. అక్కడ, ఆ పొయ్యి దగ్గర చెప్పింది ఒడిల్: "ఇప్పుడు ఒడిల్ మేకలతో. ఇక్కడే. ప్రతిరోజూ. మంగళవారం మీ ఇంటికి ట్వైలా." పిల్ల విని, ప్లోయ్ ఇంకోటి కావాలంది. అర్థమైందో లేదో ఎవరికీ తెలియలేదు.

అక్టోబరు ఒకటిన కాగితాల ప్రకారం డైరెక్టరు మారింది. ఆ తర్వాతి మంగళవారం ట్వైలా ఒక్కతే వెళ్లింది. వెళ్లేముందు సామాన్ల గదిలో అటూఇటూ తిరుగుతూ, "ఏం తీసుకెళ్లను డెల్మా? ఏం చెప్పను?" అని నా బుర్ర తినేసింది. సైగలు రాత్రీపగలూ నేర్చుకుంటోంది గానీ చేతులకు ఇంకా నత్తే.

"అడిగిందానికి చెప్పండి చాలు," అన్నాను.

సాయంత్రం తిరిగొచ్చింది. స్వెటరుకు ఒక గుండీ లేదు.

"ఏమైంది?"

"తెంపేసుకుంది. వాళ్లింట్లో వారానికి ఏడు అరలున్న చెక్కపెట్టె ఉంటుంది కదా, ఏ రోజు ఎవరొస్తారో గుర్తులు పెట్టుకునేది? మంగళవారం అరలో ఒడిల్‌కు గుర్తుగా ఒక తోలుముక్క ఉండేది. దాన్ని తీసి జేబులో పెట్టుకుంది. నా గుండీ అందులో వేసింది." కుర్చీలో కూలబడి ఆ చోటు తడుముకుంటూ అంది, "ముందు 'ఒడిల్?' అని అడిగింది. 'ఇల్లు, మేకలు' అన్నాను. కాసేపు ఆలోచించింది. ఏడవలేదు. కారీన్ చెప్పింది, ఆఫీసుకొచ్చి వెళ్లినప్పణ్ణుంచి తాత కుర్చీ దగ్గరికి వెళ్లి 'ఎక్కడ?' అని అడుగుతోందట. ముందు అడిగేది కాదట, ఊరికే తడిమేదట. రేపు వాళ్లు శ్మశానానికి తీసుకెళ్తున్నారు, రాయి ముట్టించడానికి."

"తర్వాత?"

"తర్వాత అసలు పని. ఇరవయ్యో సంచి కావాలంది."

"సంచా?"

"సంచి కాదు. సంచిలో పిల్ల."

మొదట్లో డైరెక్టరు ఇళ్లకు వెళ్లడం అనవసరమని రాయబోయింది ట్వైలా, గ్రాంటు కోసం పెట్టే కొత్త దరఖాస్తులో. ఆ పేరా నేనే టైపు చేసి ఉంచాను కూడా. అది కొట్టేయించింది. దాని బదులు పిల్లలు ఒకరినొకరు కలుసుకునే రోజు ఒకటి ఏటా ఉండాలని రాసింది. ఎందుకని అడుగుతారు కదా, కారణం రాయాల్సిన చోట మావిస్ ప్రశ్నను, 'చేతులు, నాలాగా?' అన్నదాన్ని, ఉన్నదున్నట్టు పెట్టింది. ఒడిల్‌కు ఫోన్ చేసి చదివి వినిపిస్తే, "నాకెందుకు తట్టలేదో" అని ఒడిల్ అన్నదట. ఆ మాటలో నొప్పి ఉందో ఆశ్చర్యమే ఉందో ఫోన్లో తెలియలేదంది ట్వైలా.

కుటుంబాలన్నింటినీ అడగడానికి చలికాలమంతా పట్టింది. కొందరు వద్దన్నారు. కొందరు జవాబివ్వలేదు. మంచు కరిగి రోడ్లు బాగయ్యాక, మే నెల రెండో శనివారం, చర్చి కింది హాల్లో నలుగురు పిల్లలు కలిశారు. ఇరవయ్యో సంచి పిల్ల వచ్చింది. పేరు ఆన్‌సెల్మా, పన్నెండేళ్లు, కెనడా సరిహద్దు దగ్గరి ఊరు. వంట ఒడిల్ పెట్టుకుంది, బీన్సూ ప్లోయ్‌లూ. ఒళ్లంతా మేక వాసన. ఈసారి కావాలనే స్నానం చెయ్యలేదంది.

ఇద్దరు పిల్లల్నీ ఒక చాప మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపాం. ముందు గోళ్లు. తర్వాత జడలు. ఆన్‌సెల్మా చెవిలో ఉన్న యంత్రం మీద మావిస్ వేలు ఆగింది, ఆన్‌సెల్మా ఊరుకుంది. ఆ పైన చేతులు వేగంగా కదలడం మొదలైంది. ఎవరి చేతులు పైన, ఎవరివి కింద, ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు, అంతా గజిబిజి. వాళ్లిద్దరి ఇళ్లలో నేర్పిన సైగలు కూడా పూర్తిగా ఒకటి కావు. అయినా ఆపలేదు. నలభై నిమిషాలు. మధ్యలో ఇద్దరూ ఒక్కసారిగా కిలకిలా నవ్వారు.

తల్లులూ, టీచర్లూ, మేమూ చుట్టూ చేరి మెడలు సాచాం. వేళ్లన్నీ వాళ్ల మధ్యే దాక్కున్నాయి, మాకు ఏమీ అందలేదు.

"ఏమంటున్నారు?" అంది ట్వైలా. కనుబొమల మధ్య ఆ గీత. "ఒడిల్, మీకేమైనా తెలుస్తోందా?"

చేతిలో గరిటెతో ఒడిల్ కూడా ముందుకు వంగింది, కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది.

"ఒక్క ముక్క తెలీట్లేదు," అంది. "జరుగు, నాకు కనబడట్లేదు."